రోబో తోడుంటే బ్యాన్ రాదు, ఆ లింకు నొక్కితే అకౌంటే ఉండదు

ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. ఒంగోలు నుంచి మా బావ పంపాడు, కావలి నుంచి పిన్ని కొడుకు పంపాడు. చివరికి నెల్లూరులో పిల్లలకి ట్యూషన్ చెప్పే మేష్టారు కూడా పేరెంట్స్ గ్రూపులో వేసేశారు. పైన మూడు ఎర్ర సైరన్ బొమ్మలు, కింద ‘మీ పిల్లల్ని కాపాడుకోండి’. వార్‌ఫ్రేమ్ అనే ఆన్‌లైన్ కాల్పుల ఆట ఆడేవాళ్ళు భుజం పక్కన ఒక రోబోని తిప్పుకుంటారు కదా, గొడవంతా దాని మీదే. అది ఉంటే అకౌంట్ బ్యాన్ అవుతుందట, స్క్వాడ్‌లో, అంటే జట్టులో, ఒకరి చోటు తినేస్తుందట, లాగ్ వస్తుందట (ఆట ఆగి ఆగి నడుస్తుందట), అది చచ్చిపోతే మళ్ళీ డబ్బు కట్టాలట, ఇంట్లో మాటలు వింటుందట, ఆట చైనా వాళ్ళదట, రోబోకి అలవాటుపడ్డ పిల్లలు ఆటే నేర్చుకోరట. ఇన్ని తిట్లు తిట్టి, ఆఖర్న ‘సేఫ్ రోబో’ కావాలంటే ఈ యాప్ దించుకోండి, వెయ్యి ప్లాటినం (ఆటలో చెల్లే డబ్బు) ఫ్రీ అని ఒక లింకు.

ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక అయిపోయింది. అందరికీ కలిపి ఇదే జవాబు.

బ్యాన్ సంగతి. కంపెనీలు బ్యాన్ చేసేది బయటి ప్రోగ్రాముని. మీరు కుర్చీలోంచి లేచి భోజనానికి వెళ్ళినా మీ బదులు కీబోర్డు మీటలు నొక్కుతూ కూర్చునే సాఫ్ట్‌వేర్ అది. సెంటినెల్, అంటే ఆ భుజం పక్క రోబో, అలాంటిది కాదు, ఆట తయారుచేసినవాళ్ళే పెట్టిన వస్తువు. ఆటలోనే బ్లూప్రింట్ దొరుకుతుంది, సామాను పోగేసి ఫౌండ్రీ అనే ఆటలోని కార్ఖానాలో తయారు చేసుకుంటాం. క్యారియర్ అనే సెంటినెల్‌ని తీసుకుని మిషన్‌లోకి వెళ్ళి కీబోర్డు వదిలేయండి, చూద్దాం. అది తన చిన్న షాట్‌గన్‌తో నాలుగు టపటపలాడించేలోపు మీరు నేల మీద ఉంటారు. ఆన్‌లైన్ ఆటల్లో మరమనిషి తోడు నిన్నమొన్న పుట్టిందీ కాదు. ఫైనల్ ఫాంటసీ 11లో 2006లోనే పప్పెట్‌మాస్టర్ అని ఒక ఉద్యోగమే, అంటే ఆటగాడు ఎంచుకునే పాత్రే, పెట్టారు. మరబొమ్మని వెంటేసుకుని కొట్లాడటమే ఆ ఉద్యోగం. దాన్ని ఎంచుకున్నందుకు బ్యాన్ చేయాలంటే ముందు ఆ ఉద్యోగం ఇచ్చినవాణ్ణి చేయాలి.

స్క్వాడ్‌లో చోటు తింటుందన్నది ఎక్కడి మాటో నాకు తెలుసు. స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్ అనే వేరే ఆటలో అది నిజం. అక్కడ గ్రూపు నలుగురిది. కంపానియన్‌ని, అంటే ఆట నడిపించే తోడుని, పిలిస్తే ఒక చోటు దానికే పోతుంది, నలుగురు మనుషులు చేరితే ఇక కంపానియన్లకి జాగా లేదు. వార్‌ఫ్రేమ్‌లో నలుగురూ తలా ఒక తోడుని తెచ్చుకోవచ్చు, ఎవరి చోటూ పోదు. ఒక ఆట రూలు పీకి ఇంకో ఆటకి అతికించారు, అంతే.

లాగ్ అంటారా? ఈ మాట అనే ప్రతివాడూ మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆడేవాడే అయ్యుంటాడు. వార్‌ఫ్రేమ్ మిషన్లలో నలుగురిలో ఒకరి కంప్యూటరే హోస్ట్, అంటే ఆటని నడిపి మిగతావాళ్ళకి పంపేది అదే. హోస్ట్ అయినవాడి నెట్ ఈడిగిలపడితే మిగతా ముగ్గురికీ శత్రువులు గాల్లో జారుతూ కనిపిస్తారు, తలుపులు ఆలస్యంగా తెరుచుకుంటాయి. పాపం, హోస్ట్‌కి మాత్రం అంతా సాఫీగానే ఉంటుంది, అందుకే ‘నాకేం లాగ్ లేదే, నీ రోబో తీసెయ్’ అంటాడు. ఆప్షన్స్‌లో పింగ్ లిమిట్ అని ఒకటుంది, ఎంత నెమ్మది నెట్ ఉన్నవాళ్ళతో కలపొచ్చో చెప్పేది, దాన్ని తగ్గించుకోండి. రోబోని వదిలేయండి.

చచ్చిపోతే డబ్బు కట్టాలన్నది పచ్చి అబద్ధం. ఒకప్పుడు సెంటినెల్ మిషన్ మధ్యలో పోతే చాలాసార్లు ఆ మిషన్ అయ్యేదాకా తిరిగొచ్చేది కాదు, అంతే తప్ప జేబులోంచి పైసా పోయేది కాదు. 2023 అక్టోబరు అప్‌డేట్‌తో ఆ బాధా తీరింది, కాసేపాగితే దానంతటదే లేస్తుంది.

మాటలు వింటుందట. హీలియోస్ అనే రోబో స్కాన్ చేస్తుంది, నిజమే. శత్రువుల్ని, వస్తువుల్ని స్కాన్ చేసి కోడెక్స్ అనే ఆటలోని చిట్టాలో ఎక్కిస్తుంది. మీ ఇంట్లో అత్తాకోడళ్ళ సంగతులు ఎక్కించడానికి కోడెక్స్‌లో పేజీ లేదు.

చైనా వాళ్ళ ఆట అన్నారు. ఆటని తయారుచేసే స్టూడియో కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని లండన్ ఊళ్ళో ఉంది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. 2020 చివర్లో దాని మాతృసంస్థని టెన్సెంట్ కొనేసింది, కాబట్టి ఓనరు చైనా కంపెనీయే. ఈ మెసేజ్ రాసినవాడికి ఇది తెలిసి రాశాడని మాత్రం నేను నమ్మను.

ఇక ఆ లింకు. మిగతావన్నీ నవ్వుకుని వదిలేసే సరుకు. ఇది అట్టా వదిలేసేది కాదు.

పైన అన్ని లైన్లు రోబో ప్రమాదం అని మొత్తుకుని, కింద రోబో ఫ్రీ అంటున్నాడంటేనే అనుమానం రావాలి కదా. బావా, నువ్వు మార్కెట్లో వంకాయలు కొనేటప్పుడు పది తిప్పి చూస్తావే, ఇది ఒక్కసారన్నా తిప్పి చూశావా? లింకు చిరునామాలో ఆట పేరు ఉంది, మధ్యలో ఒక అక్షరం ఎక్కువుంది. పేజీ తెరిస్తే మెరిసిపోయే క్యారియర్ ప్రైమ్ (క్యారియర్‌లోనే మేలురకం) బొమ్మ, పక్కన తగ్గుతూపోయే గడియారం. కిందకి వెళ్తే ఎపికే ఫైలు, అంటే ఫోన్‌లో నేరుగా ఎక్కించే యాప్. మనవాళ్ళంతా కంప్యూటర్‌లో ఆడే ఆట ఇది, దానికి ఫోన్‌లో ఎపికే ఎందుకబ్బా? ఎందుకంటే బ్యాంకు ఓటీపీలు వచ్చే మీ ఎస్సెమ్మెస్‌లు ఉండేది ఫోన్‌లోనే కాబట్టి. ఇన్‌స్టాల్ అవగానే అది అడిగే మొదటి పర్మిషన్ అదే. తర్వాత ఆట లాగిన్, పాస్‌వర్డ్. ఆ తర్వాత ‘మీ మెయిల్‌కి వచ్చిన కోడ్ ఇక్కడ వేయండి’.

ఆ కోడ్ ఎందుకో తెలుసా? వార్‌ఫ్రేమ్‌లో ట్రేడ్ చేయాలంటే రెండంచెల లాగిన్ పెట్టుకుని తీరాలి. అందుకే ఆ లింకు పెట్టినవాడికి పాస్‌వర్డ్ ఒక్కటీ చాలదు. కోడ్ కూడా మీ చేత్తోనే ఇప్పించుకుంటే, మీ ప్లాటినం, అరుదైన మాడ్‌లు (ఆయుధాల బలం పెంచే కార్డులు) ఇంకో అకౌంట్‌కి దాటించేస్తాడు. తయారైపోయిన రోబోని ట్రేడ్ చేయడం కుదరదు కాబట్టి అదొక్కటీ మీకు మిగులుతుంది. మంచివాడే.

మాకు తెలిసిన ఇంటర్ కుర్రాడు దీన్ని వాళ్ళ నాన్న ఫోన్‌లో దించాడు. ఆయనకి రొయ్యల గుంటలున్నాయి, మేత డీలర్‌కి కట్టాల్సిన డబ్బు ఆ ఫోన్‌కి ముడిపడిన ఖాతాలోనే ఉంది. పిల్లాడి ప్లాటినం పోవడం సాయంత్రం తెలిసింది, నాన్న డబ్బు పోవడం రాత్రి తెలిసింది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారు కాబట్టి కొంతైనా ఆగింది. తెల్లారాక చూద్దాంలే అనుకుంటే అదీ దక్కేది కాదు. ఎవరైనా ఇప్పటికే నొక్కి ఉంటే చేయాల్సింది అదే: 1930, బ్యాంకు, ఆ తర్వాత వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చడం. ఈ వరుసలోనే.

ప్లాటినం లెక్క ఉండేది కంపెనీ సర్వర్‌లో. మీ ఫోన్‌లో ఏ యాప్ వేసినా అక్కడ ఒక్క అంకె కదలదు. ప్రైమ్ రోబో కావాలంటే రెలిక్‌లు (లోపల ముక్కలు దాగి ఉండే ఆట వస్తువులు) పగలగొట్టి ముక్కలు పోగేసుకోండి, లేదా వేరే ఆటగాళ్ళ దగ్గర ఆ ముక్కలు కొనుక్కోండి. ఏ కష్టం లేకుండా కోరిక తీరాలంటే రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు గట్టుకి వెళ్ళండి. అక్కడ ఓటీపీ అడగరు.

అంత చెత్తలోనూ ఒక వాక్యం మాత్రం నన్ను ఆపింది: రోబోకి అలవాటుపడ్డ పిల్లలు ఆట నేర్చుకోరని. కొట్టిపారేద్దామనుకున్నాను, కుదరలేదు. ఓల్డ్ రిపబ్లిక్‌లో 2015లో పెద్ద ఎక్స్‌పాన్షన్ (ఆటకి కొత్త భాగం) వచ్చినప్పుడు కంపానియన్లని ఎంత బలంగా చేశారంటే, ఒక దాన్ని వైద్యం పనికి పెట్టుకుంటే మనం ఏం నొక్కినా, నొక్కకపోయినా గెలిచేవాళ్ళం. తర్వాత కంపెనీయే వాటి బలం తగ్గించాల్సి వచ్చింది, దానికి మళ్ళీ ఆటగాళ్ళు గోల. వార్‌ఫ్రేమ్‌లోనూ షేడ్ అనే సెంటినెల్‌ని పెట్టుకున్న కొత్తవాణ్ణి గమనించండి. శత్రువు దగ్గరికి రాగానే అదే మనల్ని మాయం చేసేస్తుంది, వాడికి దాక్కోవడం ఎప్పటికీ రాదు. షేడ్ లేకుండా వచ్చిన రోజు నడిబజార్లో నిలబడ్డట్టు నిలబడి చస్తాడు, మేం ముగ్గురం వాణ్ణి లేపుకుంటూ తిరగాలి.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఆర్సెనల్‌లో (ఆయుధాలు సర్దుకునే చోట) కంపానియన్ స్లాట్ ఖాళీగా ఉంచి కొన్నాళ్ళు మొదటి గ్రహం ఎర్త్ మిషన్లు ఆడండి. తర్వాతి గ్రహం వీనస్‌కి వెళ్ళాక రోబోని ఎక్కించుకోవచ్చు.