మా ఇంట్లో మూడో ఉద్యోగి

మా ఇంట్లో ముగ్గురం ఉద్యోగస్తులం. నాది నానక్‌రామ్‌గూడలో సాఫ్ట్‌వేర్. మా ఆవిడది అమీర్‌పేటలో బ్యాంకు. జున్నుది మియాపూర్‌లో, మా ఫ్లాట్‌లోనే, ఒక్కతే ఉండటం. మూడింట్లోకీ కష్టమైన ఉద్యోగం దానిదేనని అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. జీతం రెండు పూటలా తిండి, ఆదివారం ఉప్పూ కారం లేని చికెన్. పీఎఫ్ లేదు.

డ్యూటీ ఉదయం ఎనిమిదిన్నరకి మొదలవుతుంది. ఆ పాటికి మా ఆవిడ మెట్రోలో ఉంటుంది. నేను బూట్ల లేసులు కట్టుకుంటుంటే జున్ను వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. తోక ఊపదు, అరవదు. ఇచ్చిన అప్పు అడగడానికి మొహమాటపడే చుట్టంలా అలా చూస్తూ ఉంటుంది. "ఇప్పుడే వచ్చేస్తానమ్మా" అని రోజూ చెప్పే అబద్ధమే చెప్పి తలుపు లాగుతాను. మళ్ళీ ఆ తలుపు తెరుచుకునేది రాత్రి ఏడూ ముప్పావుకి.

అంటే రోజుకి పదకొండుంబావు గంటలు. వారానికి ఐదు రోజుల లెక్కన 56 గంటల 15 నిమిషాలు. ఈ లెక్క ఒక రివ్యూ మీటింగులో కూర్చుని తీరిగ్గా వేశాను కాబట్టి తప్పుండదు. మనిషి చేత వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అంది. ఏకబిగిన ఐదు గంటలు దాటితే అరగంట విశ్రాంతి ఇమ్మంది. మించిన గంటలకి రెట్టింపు జీతం ఇమ్మంది. ఈ లెక్కన జున్నుకి వారానికి ఎనిమిదింబావు గంటల ఓవర్‌టైమ్ బాకీ పడ్డాం. ఇప్పుడు పాత చట్టాలు పోయి కొత్త కోడ్‌లొచ్చాయి గానీ, వాటిలోనూ కుక్క ఊసు లేదు. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ రోజుకి పది గంటల పనికి దారి తెరిచాయి. జున్ను అంతకు చాలా ముందే పదకొండు దాటేసింది. ఈ ఒక్క విషయంలో ప్రభుత్వాలకన్నా మా ఇల్లే ముందుంది.

చట్టాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి 1960లో కేంద్రం ఒక చట్టం చేసింది. అందులో 11వ సెక్షన్ ప్రకారం, ఎప్పుడూ కట్టేసో, ఇరుకులో మూసో ఉంచే కుక్కని సరిగా తిప్పకపోతే యజమానిది నేరమే. మొదటిసారి దొరికితే జరిమానా 10 రూపాయలకి తగ్గకుండా 50 రూపాయల దాకా. అది చదివి ఆ రోజు కాస్త ప్రశాంతంగా నిద్రపోయాను. మా అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్ళ పార్కింగ్‌లో బండి పెడితే అసోసియేషన్ వాళ్ళు 500 వేస్తారు. దీన్నిబట్టి కుక్కకన్నా పార్కింగ్‌కే తొందరగా మనసు నొచ్చుకుంటుందని తేలుతోంది.

స్వీడన్ వాళ్ళు మరీ అతి. పగటిపూట కనీసం ఆరు గంటలకొకసారి కుక్కని బయటికి తీసుకెళ్ళి తీరాలని రూలు పెట్టుకున్నారు. ఆరు గంటలకొకసారి మనుషులనే బయటికి వదలని ఆఫీసులున్న ఊరు మాది. ఇలాంటివి ఇక్కడ కుదరవు.

"చిన్న కుక్కే కదండీ, దాంతో ఏం ఇబ్బంది?" అని మాకు మొదట ధైర్యం చెప్పినవాళ్ళు చాలామంది. ఒంటరితనాన్ని కిలోల్లో తూచవచ్చని వాళ్ళే కనిపెట్టారు. వాళ్ళ లెక్కలో లాబ్రడార్‌ని ఇంట్లో వదిలి వెళ్తే ముప్పై కిలోల బెంగ, జున్నుకి ఆరు కిలోల బెంగ. అసలు ఆ ఆరు కిలోల దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. మాకు దాన్ని పొమేరియన్ అని అమ్మారు. అసలు పొమేరియన్ మూడు కిలోల చిల్లర దాటదట. మన వీధుల్లో పామ్ అని తిరిగేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ అనే వేరే జాతివే. సరే, పేరు ఏదైతేనేం, ఒళ్ళో కూర్చోబెట్టుకోవడానికని మనిషి తరతరాలుగా పెంచుకొచ్చిన జాతులివి. వాటికి వచ్చిన పని ఒక్కటే, మనిషి పక్కన ఉండటం. దాన్ని తెచ్చి పదకొండు గంటలు ఖాళీ ఇంటికి కాపలా పెట్టాం. దోసెల మాస్టర్ని జీతానికి కుదుర్చుకుని హోటల్ గేటు దగ్గర కుర్చీ వేసినట్టు.

కుక్క చిన్నదైతే దాని మూత్రాశయమూ చిన్నదే అన్న సంగతి పశువుల డాక్టరు గారు చెప్పేదాకా మాకు తట్టలేదు. ఆరు నుంచి ఎనిమిది గంటలంటే పెద్ద కుక్కకైనా ఎక్కువేనన్నారు ఆయన. అందుకని బాల్కనీలో పేపరు పరిచి వెళ్తున్నాం. తెలుగులో పేపరు చదివేవాళ్ళు తగ్గిపోతున్నారని బాధపడే పెద్దలు ఒకసారి మా బాల్కనీ చూడాలి. జిల్లా ఎడిషన్‌తో సహా ఒక్క పేజీ వృథా పోదు.

నిజానికి జున్ను ఈ ఉద్యోగంలో చేరినప్పుడు షరతులు వేరు. మేం దాన్ని తెచ్చుకున్నది 2020లో, లాక్‌డౌన్ సడలించిన కొత్తలో. అప్పటికి నెలల తరబడి మా ఇద్దరి మొహాలు మేమే చూసుకుని ఉన్నాం. ఇంట్లో మూడో ప్రాణి ఉంటే బాగుంటుందని ఇద్దరికీ ఒకేసారి అనిపించింది. మా పెళ్ళయ్యాక ఇద్దరికీ ఒకేసారి ఒకే మాట అనిపించడం అదే మొదలు. నాకు రెండేళ్ళు ఇంటి నుంచే పని. జున్ను నా కాళ్ళ దగ్గరే పెరిగింది. ప్రపంచం అంటే ఒక లాప్‌టాప్, ఒక కుర్చీ, దాని కింద ఒక జత కాళ్ళు అనుకుంది పాపం. తర్వాత కంపెనీ నన్ను ఆఫీసుకి రమ్మంది. మేం జున్నుకి మాత్రం పూర్తిగా వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చాం.

ఒక్కతే ఉన్నప్పుడు మనిషి గొంతు వినపడితే దానికి ధైర్యంగా ఉంటుందని ఎవరో చెబితే టీవీ పెట్టి వెళ్ళడం మొదలుపెట్టాం. తొందరలో న్యూస్ ఛానెల్ పెట్టేశాను. పొద్దుటి చర్చా కార్యక్రమం. తెర మీద ఆరు గళ్ళు, ఆరు గళ్ళలో ఆరుగురు, ఆరుగురూ ఒకేసారి. పదిహేను రోజుల్లో జున్ను మొరిగే తీరు మారిపోయింది. ఇదివరకు ఎవరైనా బెల్లు కొడితే మొరిగేది. ఇప్పుడు ఎదుటివాళ్ళు నోరు తెరిస్తే చాలు, వాళ్ళు ఏం చెబుతారో వినకుండానే అందుకుంటోంది. నేను గట్టిగా అరిస్తే అది ఇంకా గట్టిగా అరుస్తుంది. నడుమ మా ఆవిడ యాంకర్‌లా "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటూ ఉంటుంది. చివరికి భక్తి ఛానెల్‌కి మార్చాం. ఇప్పుడు సుప్రభాతం వినపడితే చాలు, మేం వెళ్ళిపోతున్నామని అర్థమై మంచం కిందికి దూరుతోంది. ఏడుకొండలవాడి పాట విని దిగులు పడే ప్రాణి బహుశా మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఉండదు.

తర్వాత కెమెరా పెట్టాం. అటు చూడొచ్చు, ఇటు నుంచి మాట్లాడొచ్చు. మొదటి రోజు ఆఫీసులో ఫోను తెరిచి చూసింది చూసినట్టు చెబుతాను. 8.31కి జున్ను తలుపు దగ్గరికి వెళ్ళి, కింది సందులో ముక్కు పెట్టి గాలి పీల్చింది. 8.36కి రెండు సార్లు మొరిగి, చెవులు నిక్కించి జవాబు కోసం చూసింది. 8.52కి నా ఇంటి చెప్పు ఒకటి నోట కరుచుకుని వచ్చింది. కొరుకుతుందేమో, సాక్ష్యం దొరికింది కదా అని రికార్డింగ్ నొక్కాను. కొరకలేదు. చెప్పుని తలుపు దగ్గర పెట్టి, దాని మీద తల ఆనించి పడుకుంది. ఆ రోజు స్టాండప్ మీటింగులో నిన్న ఏం చేశావని అడిగితే చాలాసేపు గుర్తు రాలేదు.

ఆ కెమెరా వల్ల ఇంకో చిక్కు వచ్చిపడింది. ఒకరోజు మధ్యాహ్నం జున్ను డైనింగ్ టేబుల్ ఎక్కి అరటిపండ్ల దగ్గరికి చేరడం చూశాను. ద్రాక్షపండ్లు కూడా ఉన్నాయి, అవి కుక్కలకి విషం. ప్యాంట్రీలోకి పరుగెత్తి ఫోనులో "దిగు! దిగమన్నానా లేదా! ముట్టుకున్నావంటే చూడు!" అని అరిచాను. సరిగ్గా అప్పుడే మా అసోసియేషన్ సెక్రటరీ గారు మెయింటెనెన్స్ కోసం మా గుమ్మం ముందు నిలబడి ఉన్నారట. లోపల నా గొంతు. ఆయన బెల్లు కొట్టారు, తలుపు తీయలేదు. మళ్ళీ కొట్టారు. "నోరు ముయ్!" అని నా గొంతే వినపడింది. అది బెల్లు విని మొరుగుతున్న జున్నుని అన్నమాట. రెండు నెలల మెయింటెనెన్స్ ఎగ్గొట్టడానికి నేను ఇంట్లోనే దాక్కుని పెద్దమనిషిని నోటికొచ్చినట్టు తిట్టానని సాయంత్రానికల్లా ఐదు అంతస్తులకీ తెలిసింది. నేను ఆఫీసులో ఉన్నానని నిరూపించుకోవడానికి బయోమెట్రిక్ అటెండెన్స్ ప్రింటు తీసుకెళ్ళి చూపించాల్సి వచ్చింది. ఆయన చూసి, "మరి లోపల ఎవరు?" అన్నారు. కుక్క అన్నాను. "కుక్క తెలుగు మాట్లాడిందా?" అన్నారు. ఆయన ఇప్పటికీ మా గుమ్మానికి కాస్త దూరంగానే నిలబడి బెల్లు కొడతారు.

జున్ను మా ఇంట్లో ఏదీ పాడు చేయలేదని కాదు. కానీ దాని కోపానికి ఒక పద్ధతి ఉంది. సోఫా జోలికి పోదు. మా ఆవిడ చున్నీలు ముట్టుకోదు. కొరికేదల్లా నా ఐడీ కార్డు తాడు. ఇప్పటికి నాలుగు తాళ్ళు. ఆఫీసులో అడ్మిన్ కుర్రాడు ఐదోది ఇస్తూ, "సార్, ఇంట్లో ఏమైనా ప్రాబ్లమా?" అని గొంతు తగ్గించి అడిగాడు. రోజూ ఆ నీలం తాడు నా మెడలో పడగానే నేను మాయమవుతున్నానని అది పసిగట్టింది. నన్ను ఎవరో మెడకి తాడు కట్టి లాక్కెళ్తున్నారని దాని అభిప్రాయం. విడిపించడానికి దానికి చేతనైంది అది చేస్తోంది.

మా అమ్మ తెనాలి నుంచి రోజూ ఫోను చేస్తుంది. "ఏరా, తినేదాని పేరు పెట్టి తిండి సహించకుండా చేశావు, సరే. ఆ నోరులేని జీవాన్ని జైల్లో ఎందుకు పెట్టావురా?" అంటుంది. అమ్మకి అర్థం కాని విషయం ఏమిటంటే, మా ఊళ్ళో కుక్కని ఇంట్లో ఒంటరిగా వదలడం అన్న సమస్యే లేదు. అక్కడ కుక్క ఇంట్లో ఉండదు, వీధిలో ఉంటుంది. వీధిలో ఎవరూ ఒంటరిగా ఉండరు. నాలుగిళ్ళ పెరుగన్నం తిని నలభై ఇళ్ళకి కాపలా కాస్తుంది. ఎండాకాలం వస్తే కుళాయి దగ్గర బురదలో పడుకుంటుంది. ఇక్కడ మే నెలలో జున్ను ఒత్తు బొచ్చుతో నాలుక బయటపెట్టి రొప్పుతుంటే ఏసీ వేసి వెళ్తున్నామని నోరు జారాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "మీ నాన్న పదేళ్ళ నుంచీ అడుగుతున్నారు ఏసీ" అని ఫోను పెట్టేసింది. మర్నాడు మళ్ళీ చేసి, కుక్కని బయట వదిలి స్వర్గంలోకి రానన్న ధర్మరాజు కథ చెప్పింది. ధర్మరాజుకేం, అప్పటికి ఆయన ఈఎంఐలన్నీ తీరిపోయాయి.

చివరికి దారి చూపించింది మా వాచ్‌మన్ గారి భార్య. మహబూబ్‌నగర్ వాళ్ళు. ఒకరోజు లిఫ్ట్ దగ్గర పట్టుకుని నిలదీసింది. "పొద్దుగాల పోయి రాత్రికొస్తరు. గంతసేపు అది ఒక్కతే ఏం జేస్తది సారూ? గోడలతోని మాట్లాడతదా? తాళం ఇచ్చిపోన్రి, పగటేల జర కిందికి తీస్కపోత." నెలకి వెయ్యిన్నర ఇస్తున్నాం. ఒంటిగంటకి వచ్చి జున్నుని కిందికి తీసుకెళ్ళి అరగంట తిప్పుతుంది. 1948 చట్టం చెప్పిన విశ్రాంతి మా ఇంట్లో అమలు కావడానికి అన్నేళ్ళు పట్టింది. ఆ అరగంటలో జున్ను సెల్లార్‌లో వాళ్ళ పిల్లలతో ఎలా గెంతుతుందో ఒకరోజు ఆవిడే వీడియో తీసి పంపింది. నేను దాన్ని మూడుసార్లు చూశాను. నాతో అది ఎప్పుడూ అలా గెంతలేదన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం.

మొన్న ఒక శుక్రవారం మేనేజర్‌ని బతిమాలి ఇంటి నుంచి పనికి ఒప్పించాను. కారణం అడిగితే ప్లంబర్ వస్తున్నాడన్నాను. కుక్క కోసమంటే ఇవ్వరు. ఎనిమిదిన్నర దాటినా నేను బూట్లు వేసుకోకపోయేసరికి జున్ను ఇల్లంతా మూడు చుట్లు తిరిగింది. బంతి తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేసింది. హెడ్‌సెట్‌లో ఉన్నాను, ఒక్క నిమిషం అని వేలు చూపించాను. పదకొండుకి మళ్ళీ తెచ్చింది. మళ్ళీ వేలు చూపించాను. ఆ తర్వాత తేలేదు. ఒంటిగంటకి వాచ్‌మన్ భార్య వస్తే ఆవిడతో వెళ్ళి వచ్చింది. సాయంత్రమంతా నా కుర్చీ కింద, పాత చోటులోనే పడుకుంది. నాకు కాల్ మీద కాల్.

ఏడూ నలభైకి నాలుగో అంతస్తు దాటి లిఫ్ట్ పైకి వస్తున్న చప్పుడైంది. జున్ను దిగ్గున లేచి ఒళ్ళు దులుపుకుని, నా కాళ్ళ మీదుగా దూకి తలుపు దగ్గరికి పరుగెత్తింది. కింది సందులో ముక్కు పెట్టింది. తోక ఆగకుండా ఊగుతోంది. నేను వెనక నుంచి, "యెస్, నేను లైన్‌లోనే ఉన్నాను" అంటున్నాను.