పింగ్ వెళ్తోంది కదండీ!

రుషికొండ మీద ఏసీలో కూర్చున్నా చెమటలు పట్టించే పని ఒకటుంది. యూనిక్స్ సర్వర్ టైమ్ సరిచేయడం. టైమ్ తప్పితే, జరిగినవన్నీ రాసుకునే లాగ్‌లో జవాబు ముందొస్తుంది, ప్రశ్న తర్వాతొస్తుంది. ఇక తప్పెక్కడుందని వెతకాలి?

మన సర్వర్ నెట్‌వర్క్‌లో ఉన్న టైమ్ సర్వర్‌ని అడిగి గడియారం దిద్దుకోవాలి, ఆ పద్ధతి పేరే ఎన్‌టీపీ. అదెలా సాగుతోందో చూపించే ఎన్‌టీపీక్యూ కమాండ్ కొట్టి చూస్తే, జవాబులొస్తున్నాయో లేదో చెప్పే రీచ్ దగ్గర సున్నా. అంతా సవ్యంగా ఉంటే అక్కడ 377 కనిపించాలి. అది ఆక్టల్ (సున్నా నుంచి ఏడు దాకా అంకెలే వాడే) లెక్క, గత ఎనిమిది సార్లూ జవాబొచ్చిందని అర్థం. మామూలు అంకెల్లో చూపిస్తే వీళ్ల సొమ్మేం పోయేదో! సున్నా అంటే ఒక్క జవాబూ రాలేదన్నమాట. నెట్‌వర్క్ వాళ్లకి ఫోన్ చేస్తే, "పింగ్ వెళ్తోంది కదండీ, మా వైపు అంతా క్లియర్" అంటారు. పింగ్ అంటే అవతలి మెషిన్ పలుకుతోందా అని చూడటమే. అది వెళ్తే ఎన్‌టీపీ నడిచే దారి, యూడీపీ 123 పోర్టు, తెరిచి ఉన్నట్టేనా బాబూ? టికెట్ పెట్టమన్నారు, పెట్టాను. యూడీపీ అడిగితే, దాంతో సంబంధం లేని టీసీపీ 123 తెరిచేసి, పనైపోయిందని టికెట్ మూసేశారు. మళ్లీ ఫోన్, మళ్లీ టికెట్.

చివరికి అసలు పోర్టు తెరుచుకుందా, ఈసారి టైమ్ దిద్దే ప్రోగ్రామ్ ఎన్‌టీపీడీ మొదలైన కాసేపటికే ఆగిపోయింది. అసలు టైమ్‌తో తేడా 1000 సెకన్లు దాటితే అది చేతులెత్తేస్తుంది. జ్వరం ఎక్కువగా ఉందని డాక్టరే పారిపోయినట్టు! మైనస్ జీ (-g) అనే ఆప్షన్ ఇచ్చి మొదలుపెడితే ఆ ఒక్కసారికీ ఒప్పుకుంటుంది, అదీ బతిమాలితేనే.

ఈలోగా వెనకనుంచి మేనేజర్ గారు: "ఇంత హడావుడి ఎందుకయ్యా, సెల్‌ఫోన్ చూసి టైమ్ పెట్టేస్తే పోలా?" నడుస్తున్న డేటాబేస్ కింద టైమ్‌ని వెనక్కి లాగమంటున్నారాయన, అదీ నెలాఖరున.