సవరణ: ఫ్రెడ్డీ మెర్క్యురీ ప్రధాన ఫంక్షన్ ఏది?

మొన్న మన పాలమూరు పాటల గ్రూపులో క్వీన్ రాక్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీది, మనుషుల స్వభావాన్ని నాలుగక్షరాల కోడ్‌తో చెప్పే మయ్యర్స్-బ్రిగ్స్ పద్ధతిలో, ఐఎస్‌ఎఫ్‌పీ రకమనీ, చివర ‘పీ’ ఉంది కాబట్టి ప్రధాన ఫంక్షన్ (మనసు అన్నిటికంటే ఎక్కువ ఆధారపడే తీరు) ఎక్స్‌ట్రావర్టెడ్ సెన్సింగ్, అంటే ఎదుట కనబడేదీ వినబడేదీ పట్టుకోవడం అనీ రాశాను. ఆ రెండో మాట తప్పు.

మయ్యర్స్-బ్రిగ్స్ పరిచయ పుస్తకాల ప్రకారం కోడ్ చివర వచ్చే జే, పీ అక్షరాలు మనిషి బయటి ప్రపంచంతో వాడే ఫంక్షన్‌ను చూపిస్తాయి. అంతర్ముఖులకు అది రెండో స్థానంలో ఉంటుంది. అంటే ఐఎస్‌ఎఫ్‌పీకి మొదటిది ఇంట్రోవర్టెడ్ ఫీలింగ్: తన లోపలి ఇష్టానిష్టాలే కొలమానం. సెన్సింగ్ దాని వెనకే వస్తుంది.

దీంతో ఆయన్ని చూసే తీరే మారుతుంది. 1985 జూలై 13న వెంబ్లీలో లైవ్ ఎయిడ్ అనే విరాళాల కచేరీ వేదిక మీద స్టేడియమంతటినీ తన గొంతు వెంట పాడించాడు. వేదిక దిగితే బిడియస్తుణ్ణని ఇంటర్వ్యూల్లో తనే చెప్పుకున్నాడు. లోపలి ఫీలింగ్ ముందు, బయటి సెన్సింగ్ తర్వాత అనే ఈ వరుసలో పెడితే రెండూ ఒకే మనిషివి అనిపిస్తాయి.

నల్లగొండ తమ్ముడొకరు “ఆయన టెస్టు రాసిండా అన్నా?” అని అడిగిండు. ఐఎస్‌ఎఫ్‌పీ అన్నది ఇంటర్వ్యూలు, ప్రదర్శనలు చూసి నేను వేసిన అంచనా తమ్మీ, టెస్టు ఫలితం కాదు. ఈ నాలుగక్షరాల కోడ్ కూడా ఈ ఫంక్షన్ల ఆలోచన ఇచ్చిన మనస్తత్వవేత్త యుంగ్ 1921 పుస్తకంలోది కాదు. తర్వాత కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయ్యర్స్ తయారుచేసింది.