రెండు టూళ్లు, మధ్యలో నేను
"రెండు టూళ్లూ కలిపేశాం, ఇక అన్నీ ఆటోమేటిక్" అని ఆఫీసులో మాకు చెప్పి ఆరు నెలలైంది. మా టీమ్ పనంతా జిరాలో (ఎవరి పని ఎంతవరకు వచ్చిందో రాసుకునే సాఫ్ట్‌వేర్), పైవాళ్లు చూసేది పోర్ట్‌ఫోలియో డాష్‌బోర్డులో, అంటే ప్రాజెక్టులన్నీ ఒకేచోట కనబడే తెరలో. మేం 'డన్' అని పెడితే అక్కడ దానికి సరిపోయే స్టేటస్ లేదట, 'ఇన్ ప్రోగ్రెస్'లోనే వేలాడుతుంది. మాకు రోజంటే 8 గంటలు. అక్కడ ఎవరో మహానుభావుడు 24 అని సెట్ చేశాడు. మా 6 రోజుల పని, అంటే 48 గంటలు, అక్కడికెళ్లేసరికి 2 రోజులైంది! "రెండ్రోజుల పనికి వారమా?" అని మీటింగులో నన్ను నిలదీశారు. సింక్ అయ్యేది, అంటే ఇక్కడి మార్పులు అక్కడికి చేరేది, అర్ధరాత్రి ఒక్కసారే, పొద్దున దిద్దింది సాయంత్రానికి కూడా కనబడదు. అందుకే ప్రతి గురువారం రెండింటినీ ఎక్సెల్‌లోకి దించుకుని వరుస వరుసా నేనే సరిచూస్తున్నా. మొన్న దానివల్లే మావాడి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ కూడా తప్పింది.