టేపు తలపాగా చుట్టుకున్న మెలి జాయింటు గారికి

మహారాజశ్రీ మెలి జాయింటు గారి దివ్యసముఖమునకు, తమరు కొలువున్న ఇంటి యజమాని నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద అని తెలిసినా అందుకు చేయి రావడం లేదు. మీరు కుశలంగా ఉన్నన్నాళ్లు మేము కుశలంగా ఉంటామన్న పూచీ లేదు మరి. ఎండాకాలంలో చల్లగాలి, చలికాలంలో వెచ్చగాలి ఇస్తుందని మేము పెట్టించుకున్న ఏసీ బయటి యూనిట్ మూత మొన్న తీసి చూస్తే, వైర్లను స్క్రూలతో బిగించే టెర్మినల్ బ్లాకుకు జానెడు దూరంలో నల్ల టేపు తలపాగాతో మీరు దర్శనమిచ్చారు. సరఫరా వైరు కాస్త పొట్టిదయిందని మరో ముక్క తెచ్చి, రెండు కొసలనూ వేళ్లతో మెలిపెట్టి, మూడు చుట్లు టేపు వేసి మిమ్మల్ని ప్రతిష్ఠించిన మహానుభావుడు వెళ్తూ వెళ్తూ "పని చేస్తోంది కదండీ" అన్నాడు. నిజమే, మీరు పని చేస్తూనే ఉన్నారు. అది ఏ పని అన్నదే ఈ లేఖకు కారణం.

తీగలో పుట్టే వేడి దాని నిరోధానికీ (కరెంటుకు అది పెట్టే అడ్డుకూ), అందులో పారే విద్యుత్ ప్రవాహపు వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుందని జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1841లో ప్రకటించారు. మీ జాతకం ఆనాడే రాసిపెట్టి ఉందన్నమాట. సరిగా బిగించిన టెర్మినల్ దగ్గర నిరోధం లెక్కలోకి రానంత స్వల్పం. వదులై, చిలుము పట్టిన మీ దగ్గర అది ఓములో పదో వంతుకు చేరిందనుకుందాం. 15 ఆంపియర్లు పారినప్పుడు మీలో 22.5 వాట్ల వేడి, అంటే టంకం కరిగించే ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ పుట్టించేంత వేడి, వేలి కణుపంత చోట పుడుతుంది. ప్లగ్గులో పెట్టిన సోల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్ టేపులో చుట్టి, రేకు పెట్టెలో దాచి, మూత బిగించి నిద్రపొమ్మంటే ఎవరూ నిద్రపోరు. మీరు లోపల ఉన్నారని తెలియక మేము మాత్రం హాయిగా దుప్పటి కప్పుకొని పడుకున్నాం. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ దాకానే ఓర్చుకునేలా తయారవుతుందన్న సంగతి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు.

పైగా మీది దినదినాభివృద్ధి చెందే తత్వం. యంత్రం నడిచినప్పుడు వేడెక్కి వ్యాకోచిస్తారు, ఆగినప్పుడు చల్లబడి ముడుచుకుంటారు, కంప్రెసర్ అదురుకు మరికాస్త వదులవుతారు. వదులైన చోట లోహం ఆక్సైడుగా మారి నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగిన కొద్దీ వేడి పెరుగుతుంది, ఆ వేడికి మళ్లీ వదులవుతారు. రాగిని అల్యూమినియంతో నేరుగా మెలిపెట్టిన జాయింటయితే ఈ అభివృద్ధి మరింత జోరుగా సాగుతుంది. ఇక చలికాలంలో అదనపు హీటరుతో నడిచే యూనిట్లలో మీ బంధువుల వైభవం చెప్పనక్కర్లేదు: 5 కిలోవాట్ల హీటరు 230 వోల్టుల దగ్గర దాదాపు 22 ఆంపియర్లు తీసుకుంటుంది. ప్రవాహం 15 నుంచి 22కు పెరిగితే వేడి రెట్టింపు దాటుతుంది. మేము డబ్బిచ్చి కొన్న హీటరు ఒకటయితే, ఉచితంగా వచ్చిన కుంపటి మీరు.

ఇంతటి మిమ్మల్ని, కరెంటు మితిమీరితే తానే పడిపోయే బోర్డులోని స్విచ్చు ఎంసీబీ ఎందుకు పట్టుకోలేదని అమాయకంగా అడిగాను, తర్వాత సిగ్గుపడ్డాను. ఎంసీబీ చూసేది తన గుండా పారే ప్రవాహాన్ని. 230 వోల్టులలో మీరు మింగేది ఒకటిన్నర వోల్టే కాబట్టి ఆ ప్రవాహంలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాదు. గేటు దగ్గర నిలబడి లోపలికి వెళ్లేవాళ్లను లెక్కపెట్టే కాపలాదారుకు వంటింట్లో కాలుతున్న గుడ్డ వాసన ఎక్కడ తగులుతుంది? 30 మిల్లీఆంపియర్లు దారి తప్పితేనే కళ్లెర్రజేసే, కరెంటు భూమికి కారితే సరఫరా తెంపే స్విచ్చయిన ఆర్‌సీసీబీ కూడా మిమ్మల్ని ఏమీ అనదు, ఎందుకంటే మీరు కరెంటును భూమికి వదలరు, దారిలోనే కాల్చుకు తింటారు. ఎంసీబీ పడిపోతూ ఉంటే ఇంకా పెద్దది వేయించమని సలహా ఇచ్చే పెద్దమనుషులు మీ పార్టీవాళ్లేనని నా గట్టి అనుమానం. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. వైరు మోయలేనంత పెద్ద ఎంసీబీని పెట్టిన నాడు, ఫ్యూజుగా మారేది గోడలోని వైరే.

అందువల్ల తమరిని కొలువు నుంచి తొలగించడమైనది. రేపు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ వస్తున్నారు. ముందు బోర్డులో సరఫరా ఆపి, ఎవరూ పొరపాటున వేయకుండా తాళం పెడతాం. తర్వాత వోల్టేజి కొలిచే చేతి మీటరును కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి, అది సరిగా చూపిస్తోందో లేదో చూసుకొని, యూనిట్ టెర్మినళ్ల దగ్గర పరీక్షించి, మళ్లీ ఆ తెలిసిన చోటే పెట్టి చూస్తాం. చచ్చిపోయిన మీటరు కూడా సున్నానే చూపిస్తుంది గనుక ఈ మూడో పరీక్ష చాదస్తం కాదు. వైరు సైజును టన్నులను బట్టి ఊహించబోము. టన్ను అనేది కరెంటు కొలత కాదు, ఒక అమెరికన్ టన్ను (సుమారు 907 కిలోల) మంచును 24 గంటల్లో కరిగించగల వేడిని లాగే సామర్థ్యం, ఇంచుమించు 3.5 కిలోవాట్లు. వైరుకు కావలసిన ఆంపియర్లు యూనిట్‌కు అంటించిన నేమ్‌ప్లేటు మీద ఉంటాయి, మేమే ఎన్నడూ చదవలేదు.

బోర్డు నుంచి యూనిట్ దాకా అతుకు లేని ఒకే వైరు వస్తుంది. పోగులు విడిపోకుండా కొసలకు లగ్గులు (లోహపు తొడుగులు) నొక్కిస్తాం. టంకం పూసిన కొస స్క్రూ కింద మెల్లగా నలిగి వదులవుతుంది కాబట్టి ఆ ముచ్చట వద్దు. స్క్రూలను తయారీదారు చెప్పినంత బిగువుకే బిగిస్తాం. లాగుడు స్క్రూల మీద పడకుండా వైరుకు క్లాంపు ఉంటుంది, వాన నీరు వైరు వెంట లోపలికి జారకుండా వైరు కిందికి వంగి పైకెక్కుతుంది. ఎర్తు వైరును కాస్త పొడుగ్గా ఉంచుతాం, ఎప్పుడైనా వైరు లాగినా అది అందరికన్నా చివర ఊడాలి. న్యూట్రల్‌ను ఎర్తుకు కలిపే చమత్కారం మా ఇంట జరగదు.

మీ తలపాగా మీద నాకేమీ కోపం లేదు. టేపు చేయగలిగింది కప్పడమే, బిగించడం దాని చేత కాదు.

ఇట్లు,
బోర్డు తాళంచెవి జేబులో వేసుకున్న
ఇంటి యజమాని

తా.క.: మీ పొరుగున ఉండే కెపాసిటర్ గారు స్విచ్చు ఆపిన తర్వాత కూడా ఛార్జి దాచుకుంటారని విన్నాం. స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి చిటపటలతో పలకరించే పాత ఆచారాన్ని మానేశాం. వారి దగ్గరకు, ఛార్జిని మెల్లగా ఖాళీ చేసే తగిన రెసిస్టరును రాయబారం పంపి, మీటరు సున్నా చూపించాకే చేయి పెడతామని వారికి తెలియజేయగలరు.