తుప్పు మీద నల్లపూత కొట్టి చేతులు దులుపుకునేవాళ్లకి

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మూడో అంతస్తు కుర్రాడు తన పాత కారు చూపించాడు. నాలుగు చక్రాల వెనకా ఎర్రటి స్ప్రింగులు, కొత్త గ్యాస్ షాకులు (షాక్ అబ్జార్బర్లు). "ఎలా ఉంది అంకుల్?" అన్నాడు మురిసిపోతూ. నేను సెల్లు లైటు వేసుకుని మోకాళ్ల మీద కూర్చుని వెనక చక్రం పైకి చూశాను. షాక్ పైభాగం బిగించిన చోట రేకు తాటాకు పుస్తకంలా పొరలు పొరలుగా లేచి ఉంది. దాని మీద తారులాంటి నల్లటి పూత. వేలితో నొక్కితే పుల్లట్టులా మెత్తగా లోపలికి పోయింది. "కింద కోటింగ్ కూడా కొట్టించాను అంకుల్, పదేళ్లు చూసుకోనక్కర్లేదన్నారు" అన్నాడు.

వాణ్ణేమీ అనలేదు. అనే మొహం నాకు లేదు. రెండేళ్ల కిందట నేనూ సరిగ్గా అదే చేశాను.

నాది 2001 మారుతి జెన్. నాన్న కొన్నది. పెట్రోలు, ఏపీ 16 నంబరు. మాది విజయవాడ సింగ్‌నగర్ అంటే మిగతా కథ మీకు తెలిసిపోయే ఉంటుంది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, చరిత్రలో రికార్డు అని తర్వాత టీవీలో చూశాం గానీ మమ్మల్ని ముంచింది కృష్ణమ్మ కాదు, బుడమేరుకి పడ్డ గండ్లు. కారు స్టీరింగ్ దాకా మునిగింది. నీళ్లు పోయి బండి బయటపడేసరికి వారం దాటింది. పాత బండి కదా అని థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రమే కట్టేవాణ్ణి. దాంట్లో మన బండి మునిగితే మనకి పైసా రాదు.

ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తోలించాం. పేరు చెప్పను, ఆ నెల అక్కడ అందరూ అదే పనిలో ఉన్నారు. ఇంజను విప్పారు, ఆయిళ్లన్నీ మార్చారు, వైరింగ్ ఆరబెట్టారు. అదంతా నిజాయితీగానే చేశారు, వంక పెట్టను. చివర్లో ఒకాయన వచ్చి, "సార్, కింద కోటింగ్ కొట్టేస్తే ఇంక తుప్పు అన్న మాటే ఉండదు" అన్నాడు. కొట్టేయమన్నాను. అప్పటికే ఖర్చు తల మీదికి వచ్చింది, ఇంకో నాలుగు వేలకి ఏం ఆలోచిస్తాం? ఒక పూటలో కొట్టి ఇచ్చేశారు. పొద్దున ఇచ్చి సాయంత్రం తెచ్చుకున్నా. గోకారా, కడిగారా, ఆరబెట్టారా అని నేను అడగలేదు.

తర్వాతి వానాకాలంలో కార్లో ముక్కిపోయిన వాసన మొదలైంది. డ్రైవరు సీటు ముందు కాలు పెడితే మెత్తగా తగిలేది. ఓ రోజు కార్పెట్ లేపి చూశాను. దాని కింద మెత్తటి పీచు పొర, ఫెల్టు ఉంటుంది చూశారూ, అది ఇంకా తడిగానే ఉంది. ఫెల్టు కింద పలచగా బుడమేరు ఒండ్రు. ఏడాది పాటు ఆ మట్టి నీళ్లు తాగుతూ, వదులుతూ రేకుని తింటూ కూర్చుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోయింది. కంత లోంచి పార్కింగ్ గచ్చు కనబడింది.

ఇక్కడే అసలు సంగతి. తుప్పుకి కావలసినవి రెండే, నీళ్లూ గాలీ. ఉప్పు తగిలితే పని ఇంకా వేగంగా జరుగుతుంది. తుప్పు పట్టిన రేకు మీద నల్లపూత కొడితే లోపలున్న తేమ బయటికి రాదు. పైకి నున్నగా మెరుస్తుంటుంది, కింద తినేస్తూ ఉంటుంది. ఇనుము తుప్పుగా మారితే ఉబ్బుతుంది, ఎక్కువ చోటు కావాలి దానికి. అందుకే రంగు మీద బొబ్బలు లేస్తాయి. ఆ బొబ్బ కనబడ్డ రోజున లోపల ఎప్పుడో పని అయిపోయిందని అర్థం. పూత తప్పని నేననను. శుభ్రమైన రేకు మీద, ప్రైమర్ మీద కొడితే మంచిదే. తుప్పు మీద కొట్టి డబ్బులు తీసుకోవడమే మోసం. తుప్పుందని చెప్పకపోవడం ఇంకా పెద్ద మోసం.

ఇంకో వైద్యం కూడా మా చుట్టుపక్కల ఉంది: పాత ఇంజన్ ఆయిల్ బ్రష్షుతో కింద పూసేయడం. మా బావ ప్రతి వానాకాలం ముందూ చేస్తాడు. ఆ మనిషే ఏడాదికి రెండుసార్లు సూర్యలంక వెళ్లి బీచ్ ఇసకలోకి బండి దించి ఫొటోలు తీసుకుంటాడు! ఇంటికొచ్చాక బండి కింద మంచినీళ్లతో కడుగు బావా అంటే నవ్వుతాడు. ఆయిల్ పూస్తే చక్రాల కీళ్ల దగ్గరుండే రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి, దుమ్మంతా దానికే అంటుకుంటుంది, పొగ గొట్టం దగ్గర పడితే కంపు. కారే ఆయిలంతా చివరికి మన కాలవల్లోకే పోతుంది.

సరే, నేను చేసిందేమిటో చెబుతాను. యూట్యూబ్‌లో విదేశాల వాళ్లు గ్యారేజీలో లిఫ్టులెక్కించి చేస్తారు. మనకి పార్కింగ్‌లో ఎనిమిదడుగుల వెడల్పు, పక్కన వాచ్‌మన్ సైకిలు. ముందుగా ఒకటి: జాకీ మీద నిలబడ్డ కారు కిందకి ఎప్పుడూ దూరకండి. జాకీ ఎత్తడానికి, నిలబెట్టడానికి కాదు. స్టాండ్లు కొనండి, చదునైన గచ్చు మీద పెట్టండి, నేల మీద ఉండే చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టండి. తుప్పు పట్టిన బండికి జాకీ పెట్టే చోటు కూడా తుప్పే అయి ఉంటుందని మరిచిపోకండి. నా జెన్‌కి ఒకవైపు ఆ అంచు కరకరమని లోపలికి మడిచిపోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

సీట్లు తీసేశాను, కార్పెట్, ఫెల్టు అన్నీ బయట పారేశాను. తలుపుల కింద అంచున నీళ్లు పోయే చిన్న కంతలుంటాయి, గుమ్మం కింద బోలు భాగానికి కూడా ఉంటాయి. అన్నిట్లోనూ ఒండ్రు బిగుసుకుపోయింది. ఈనెపుల్లతో పొడిచి తీశాను. పైసా ఖర్చు లేని పని ఇది. వరద చూసిన బండి ఎవరి దగ్గరున్నా ఈ సాయంత్రమే చేయండి. మిగతా పోస్టు చదవకపోయినా పర్లేదు.

తర్వాత గ్రైండర్‌కి వైరు బ్రష్ తగిలించి నల్లపూత మొత్తం లేపాను. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి, వైరు ముక్కలు సూదుల్లా ఎగురుతాయి. పెచ్చులన్నీ రాలిపోయి గట్టి లోహం కనబడేదాకా గోకాలి. గుంటల్లో అంటుకుని మిగిలిపోయే సన్నటి తుప్పుకి మాత్రమే రస్ట్ కన్వర్టర్ అనే మందు పనికొస్తుంది. వదులు తుప్పు మీద పోస్తే డబ్బులు దండగ. దాంట్లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటే తుప్పుని ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తుంది. కొన్నిట్లో టానిక్ ఆమ్లం ఉంటుంది, అది తుప్పుతో కలిసి నల్లగా అవుతుంది. మన పెడన కలంకారీలో కరక్కాయ నీళ్లలో తడిపిన బట్ట మీద ఇనుము నానబెట్టిన కషాయం తగిలితే నలుపు తేలుతుంది, అదే రసాయనం. మొదటిసారి నా కారు అడుగు రేకు నల్లబడుతుంటే మా ఆవిడ చూసి, "చీరలకి వేసేది కారుకి వేస్తున్నారా" అంది. ఆవిడ పుట్టిల్లు పెడన పక్కనే, మచిలీపట్నం లెండి.

అది ఆరాక రెండు పూతలు ఎపాక్సీ ప్రైమర్. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే కొట్టి వదిలేసేవాళ్లని చూశాను. అది నీటిని పూర్తిగా ఆపదు, దాని మీద రంగు పడాల్సిందే. ప్రైమర్ మీద రంగు, ఆ తర్వాతే నల్లపూత. బోలు భాగాల్లోకి గొట్టంతో మైనం స్ప్రే. ఈ పనంతా వానాకాలంలో పెట్టుకోకండి. నేను ఏప్రిల్‌లో పెట్టుకుని ఇంకో తప్పు చేశాను. మధ్యాహ్నం బెజవాడ ఎండకి రేకు పెనంలా కాలుతుంటే ప్రైమర్ పరుచుకోకముందే ఆరిపోయి గరుకుదేలింది. మళ్లీ ఎమరీ పేపరు, మళ్లీ పూత. పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదికి ఆపేయాలి.

కంతలు పడ్డ చోట మాత్రం ఇంట్లో చేయలేదు. రేకు కోసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టాలి. నాకు రాదు, పార్కింగ్‌లో నిప్పులు రాల్చే ధైర్యం అసలే లేదు. ఆటోనగర్‌లో ఒక ముసలి టింకరింగ్ మేస్త్రి చేశాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నదొకటి: సుత్తితో తట్టుకుంటూ వెళ్లాడు, టంగుమన్నంత మేర వదిలేశాడు, చప్పుడు మొద్దుగా వచ్చినంత మేరా కోసేశాడు. "లప్పం పెట్టి ఇవ్వనా? సగం డబ్బులకే అయిపోద్ది" అని నవ్వుతూ అడిగాడు, నన్ను పరీక్షించడానికే అనుకుంటా. కాళ్ల కింద రేకుకి లప్పమేమిటి?

ఇక సస్పెన్షన్, అంటే చక్రాలకీ బండికీ మధ్య కుదుపు మింగే ఏర్పాటు. ఆ కుర్రాడి ఎర్ర స్ప్రింగుల దగ్గరికి వస్తున్నా.

స్ప్రింగు బండి బరువు మోస్తుంది. షాక్ ఆ ఊపుని ఆపుతుంది. పాత బండి గుంతలో పడి రెండు మూడుసార్లు ఊగుతుంటే అది షాక్ పని అయిపోయిందని. ఒళ్లంతా కుదిపేస్తూ కటకటమంటుంటే ఎక్కువసార్లు దోషం బుష్‌లది, చక్రం తిరగడానికి ఉండే గుండ్రటి కీళ్లది (బాల్ జాయింట్లది). కానీ అందరం చేసేది స్ప్రింగుల మీద పడటం. ఒకడు స్ప్రింగు కోయించి బండి దించుతాడు. ఇంకొకడు స్ప్రింగు చుట్ల మధ్యలో రబ్బరు ముక్కలు దూర్చి బండి లేచిందంటాడు. రెండింటికీ ఫలితం ఒకటే, పనిచేసే చుట్లు తగ్గి స్ప్రింగు గట్టిబడుతుంది. గట్టిబడ్డ స్ప్రింగుని పాత షాక్ ఆపలేదు. ఆ దెబ్బంతా ఎక్కడికి పోతుంది? షాక్ బిగించిన రేకులోకి. ఆ రేకే తుప్పయితే? అందుకే ఆ కుర్రాడి కారు చూసి నాకు నోట మాట రాలేదు. పైగా కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉండనే ఉంది.

నేను కంపెనీ ఎత్తు స్ప్రింగులే ఉంచాను. షాకులు మాత్రం గ్యాస్‌వి వేశాను. వాటిలో నైట్రోజన్ ఒత్తిడి వల్ల లోపలి ఆయిల్ తొందరగా నురగ పట్టదు, కాబట్టి వరసగా స్పీడ్ బ్రేకర్లున్న దారిలో కూడా పట్టు తప్పదు. మా వైపు నున్న అనే ఊరికి వెళ్లే రోడ్డు తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. జతలుగానే మార్చాలి, ఒకటి కొత్తది ఒకటి పాతది వద్దు. బుష్‌లు గట్టి ప్లాస్టిక్‌లాంటి పాలీయురేథేన్‌వి వేయమని చాలామంది చెప్పారు. ఎక్కువకాలం ఉంటాయి, నిజమే. కానీ కుదుపు సీటులోకి వస్తుంది, కిర్రుమంటాయి. మా అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లే బండికి అవెందుకు? మామూలు రబ్బరువే వేశాను.

తుప్పు పట్టిన బోల్టులు ఒక రోజులో రావు. శుక్రవారం నుంచి రోజూ పూటపూటా డబ్ల్యూడీ-40 (బిగుసుకున్న బోల్టులు వదులు చేసే స్ప్రే) కొట్టి ఆదివారం పానా వేశాను. అయినా ఒకటి విరిగింది. ముందు చక్రాల షాకు చుట్టూ ఉన్న స్ప్రింగు విప్పి కొత్త షాకుకి ఎక్కించే పని మాత్రం ఇంట్లో వద్దు. ఒత్తి కట్టిన స్ప్రింగు జారితే మనిషి మిగలడు. నేను షాకూ స్ప్రింగూ కలిసి ఉండే ఆ స్ట్రట్ మొత్తం విప్పి ఆటోలో పెట్టుకుని షాపుకి తీసుకెళ్లి షాకు మార్పించుకొచ్చాను.

మంచి మెకానిక్కులు కూడా తొందర్లో చేసే ఒక తప్పు చెబుతాను. బండి జాకీ మీద ఉండగానే, చక్రాలు వేలాడుతుండగానే బుష్ బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. కిందికి దించగానే లోపలి రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, నెలల్లో చిరిగిపోతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. అది అయ్యాక వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాల వాలు సరిచేయించడం. నేను మొదటిసారి అలైన్‌మెంట్ రేపు మాపు అంటూ రెండు నెలలు తిరిగాను. ముందు టైర్ల లోపలి అంచు నున్నగా గుండు అయిపోయింది.

"ఇంత కష్టం ఎందుకండీ, అమ్మేయండి" అని మా ఆఫీసులో అందరూ అన్నారు. నాన్న బండి అనే సెంటిమెంటు ఒకటుంది, దాచుకోను. రెండోది లెక్క. 15 ఏళ్లు దాటిన కారు ఆర్సీ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 చేశారు. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఐదేళ్లకోసారి ఆ పదివేలు కట్టి, ఏడాదికోసారి కింద దూరి గోక్కున్నా కొత్త కారు ఈఎంఐలో నాలుగు నెలలది కూడా కాదు. అయితే షాకు బిగించే చోటో, గుమ్మం కింద బోలు భాగమో పూర్తిగా పోయిన బండిని నిలబెట్టమని నేనెవరికీ చెప్పను. అలాంటిది పాత ఇనుముకి ఇచ్చేయడమే.

ఆ కుర్రాడి బండి ఇంకా ఆ దశకి రాలేదనే అనుకుంటున్నా. ఒకవైపే పోయింది. ఎర్ర స్ప్రింగులకి పెట్టిన డబ్బులు తలుచుకుని మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ, వచ్చే ఆదివారం నల్లపూత లేపి చూద్దాం అంటే సరేనన్నాడు. గ్రైండర్ నాది, డిస్కులు వాడు తెచ్చుకుంటాడు. రెండో అంతస్తు మాష్టారికి మాత్రం ముందే వెళ్లి చెప్పి రావాలి. పోయినసారి ఆ మోతకి ఆయన కిందికి దిగొచ్చి ఏమన్నారో ఇక్కడ రాస్తే బాగుండదు.