తస్వీర్ (చిత్రం)పై తీర్పు విశ్వాసికే వదలాలి

అఫ్ఘానిస్థాన్‌లో తాలిబాన్ ప్రభుత్వం 2024 ఆగస్టులో 35 అధికరణాల నైతిక చట్టాన్ని ప్రకటించింది. స్త్రీల గొంతు ఇంటి బయట వినిపించకూడదన్న నిబంధన మీద ప్రపంచమంతా మండిపడింది. ఆ కలకలంలో 17వ అధికరణం చాలామంది కంట పడలేదు. ప్రాణమున్న దేని చిత్రాన్నీ పత్రికలు ప్రచురించకూడదని, టీవీలు చూపకూడదని అది శాసిస్తోంది. అదే చట్టంలో మరోచోట, ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ ప్రాణుల చిత్రాలు తీయడాన్నీ చూడటాన్నీ కూడా తప్పుల జాబితాలో చేర్చారు. నచ్చజెబుతూ క్రమంగా అమలు చేస్తామని ఆ ఏడాది అక్టోబరులో సంబంధిత మంత్రిత్వ శాఖ ప్రకటించింది. ఆ తరువాత తఖార్ వంటి రాష్ట్రాల్లో టీవీ తెరల మీద మనిషి ముఖం మాయమైంది, గొంతు మాత్రమే మిగిలింది.

ఈ చట్టాన్ని మేము వ్యతిరేకిస్తున్నాం. అయితే వ్యతిరేకించే తొందరలో, ఈ ప్రశ్న తాలిబాన్ పుట్టించినదేనని అనుకోవడం పొరపాటు. పెళ్లి ఆల్బమ్ దాచుకోవచ్చా, చనిపోయిన తల్లి ఫొటో ఇంట్లో ఉంచుకోవచ్చా, పిల్లల ఫొటోలు ఫోనులో పెట్టుకుంటే పాపమా అని మన మధ్య ఎందరో ముస్లింలు నిజాయితీగా మథనపడుతున్నారు. ‘బొమ్మలున్న ఇంట్లోకి దైవదూతలు ప్రవేశించరు’ అన్న మాటను చిన్నప్పుడే విని పెరిగినవారికి అది తేలికగా కొట్టిపారేసే విషయం కాదు. తెలుగులో ఈ చర్చ దాదాపుగా జరగలేదు. జరిగినచోట కూడా ఒకరు హరామ్ (నిషిద్ధం) అని తేల్చేస్తే, మరొకరు ముల్లాల కల్పన అని నవ్వేస్తారు. విశ్వాసులకు ఈ రెండింటి వల్లా మేలు లేదు.

ముందుగా మూలాల్లో ఏముందో చూడాలి. ఖుర్ఆన్ విగ్రహారాధనను తీవ్రంగా ఖండించింది. చిత్రాల తయారీని నేరుగా నిషేధించే వాక్యం మాత్రం అందులో లేదు. పైగా 34వ సూరా (అధ్యాయం)లో సులైమాన్ ప్రవక్త కోసం జిన్నాతులు (కంటికి కనబడని జీవులు) నిర్మించిన వాటిలో ప్రతిమలు కూడా ఉన్నట్టు ప్రస్తావన వస్తుంది. నిషేధానికి ఆధారం హదీసులు, అంటే ప్రవక్త ముహమ్మద్ మాటలు, చేతల వృత్తాంతాలు. అవి బలహీనమైనవేమీ కావు. సున్నీలు అత్యంత ప్రామాణికమని భావించే ఇమామ్ బుఖారీ, ఇమామ్ ముస్లింల హదీసు సంకలనాలు రెండింటిలోనూ ఉన్నాయి. ప్రాణుల రూపాలను సృష్టించేవారికి అంతిమ దినాన కఠిన శిక్ష తప్పదని, ‘మీరు చేసినదానికి ప్రాణం పోయండి’ అని వారిని ఆదేశిస్తారని వాటిలో ఉంది. బొమ్మలు గీయడమే తన జీవనోపాధి అని వచ్చి చెప్పుకున్న ఒకతనికి, తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేనివాటిని గీసుకోమని ప్రవక్త సహచరుడు ఇబ్న్ అబ్బాస్ సలహా ఇచ్చారు. ఇంత స్పష్టంగా ఉన్నవాటిని లేవనడం మా ఉద్దేశం కాదు.

కానీ ఆ హదీసులతో పాటే మరికొన్ని ఉన్నాయి. ప్రవక్త భార్య హజ్రత్ ఆయిషా ఇంట్లో బొమ్మలున్న తెరను వేలాడదీశారు. ప్రవక్త ముహమ్మద్ (స) ప్రయాణం నుంచి వచ్చి చూసి నొచ్చుకున్నారు, దాన్ని లాగేశారు. ఆ గుడ్డతోనే ఆమె దిండ్లు కుట్టారు. వాటిని ఆయన వాడుకున్నారు. గోడకు వేలాడితే తగనిది, ఆనుకునే దిండు మీదికి వస్తే ఇంట్లో ఉండగలిగింది. అబూ దావూద్ సంకలనంలోని మరో సంఘటన ఇంకా ముచ్చటైనది. ఆయిషా ఆట బొమ్మల మధ్య గుడ్డపేలికలతో చేసిన రెక్కలున్న గుర్రం ఒకటి కనిపించింది. గుర్రానికి రెక్కలేమిటని ఆయన అడిగారు. సులైమాన్ గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురు ప్రశ్నించారు. ఆయన మనసారా నవ్వారు.

దైవదూతలు ప్రవేశించరన్న హదీసు చివర కూడా ఒక సంఘటన ఉంది. దాన్ని ఇతరులకు వినిపించిన జైద్ బిన్ ఖాలిద్ జబ్బుపడితే పరామర్శకు వెళ్లినవారికి ఆయన గుమ్మానికే బొమ్మలున్న తెర కనిపించింది. ఇదేమిటని ఒకరు ఆశ్చర్యపోతే, ‘గుడ్డ మీది అచ్చు తప్ప’ అన్న మినహాయింపు కూడా ఆయన చెప్పారు కదా, నువ్వు వినలేదా అని పక్కనున్న వ్యక్తి గుర్తుచేశారు. ఆ మినహాయింపు చెట్టూ చేమల అచ్చులకే వర్తిస్తుందని ఇమామ్ నవవీ వంటి పండితులు వాదించారు. కాదు, నీడ పడే విగ్రహాలకే నిషేధమని మరికొందరు అర్థం చేసుకున్నారు. ఖలీఫా అబూ బక్ర్ మనుమడు, మదీనా పండితుడు ఖాసిం బిన్ ముహమ్మద్ అటువైపు నిలిచినవారిలో ఒకరు. సున్నీల నాలుగు న్యాయ సంప్రదాయాల్లో ఒకటైన మాలికీ పండితులలో చాలామంది చదునైన చిత్రాలను మక్రూహ్, అంటే అయిష్టకరం అన్నారే తప్ప హరామ్ అనలేదు. కెమెరా పుట్టడానికి వెయ్యేళ్ల ముందే ఉన్న అభిప్రాయభేదం ఇది.

సామాన్య జీవితమూ ఆ భేదంతోనే నడిచింది. తొలితరం ముస్లింల చేతుల్లో తిరిగిన నాణేల మీద పారశీక, రోమన్ చక్రవర్తుల ముఖాలుండేవి. ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ కొంతకాలం నిలుచున్న ఖలీఫా రూపంతోనే నాణేలు ముద్రించాడు. అక్షరాలు మాత్రమే ఉన్న నాణేలు వచ్చింది హిజ్రీ 77లో, అంటే 696-97లో. అప్పటిదాకా ఆ ముఖాల నాణేలతోనే బేరసారాలు జరిగాయి, జకాత్ (విధిగా ఇచ్చే దానం) చెల్లింపులు సాగాయి.

1839లో ఫొటోగ్రఫీ ప్రపంచానికి పరిచయమయ్యాక పాత ప్రశ్న కొత్త రూపంలో ముందుకొచ్చింది. ఈజిప్టు సైనికాధికారి ముహమ్మద్ సాదిక్ 1861లోనే మదీనాను, ఆ తరువాత రెండు దశాబ్దాలకు మక్కాను ఫొటోలు తీశాడు. ఈజిప్టు ప్రధాన ముఫ్తీగా పనిచేసిన ముహమ్మద్ బఖీత్ అల్ ముతీఈ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక గ్రంథమే రాశారు. ఫొటో తీసేవాడు కొత్త రూపాన్ని సృష్టించడం లేదు, దేవుడు చేసిన రూపం నుంచి పడిన నీడను పట్టి నిలుపుతున్నాడు, అద్దంలో ప్రతిబింబం ఎలాంటిదో ఇదీ అలాంటిదే అన్నది ఆయన వాదన. నేటికీ ఫొటోను అనుమతించే పండితులలో అత్యధికులు నిలబడేది ఈ వాదన మీదనే. మాకు కూడా ఇదే సబబుగా తోస్తోంది. హదీసుల్లోని హెచ్చరిక దేవుని సృష్టితో పోటీపడే అహంకారం మీద, పూజకు దారితీసే రూపాల మీద ఉన్నప్పుడు, అమ్మమ్మ ముఖాన్ని మరచిపోకుండా ఆల్బమ్‌లో ఉంచుకోవడం ఆ రెండింటిలో దేని కిందికీ రాదు.

భారత ఉపఖండంలో మాత్రం ఉత్తరప్రదేశ్‌లోని దేవ్‌బంద్ మత విద్యాపీఠానికి చెందిన పండితులు గట్టిగా ఎదురు నిలిచారు. మౌలానా సయ్యద్ సులైమాన్ నద్వీ ఆజంగఢ్ నుంచి వెలువడే మఆరిఫ్ పత్రికలో ఫొటోకు అనుకూలంగా రాస్తే, ముఫ్తీ ముహమ్మద్ షఫీ దాన్ని సవివరంగా ఖండించారు. నద్వీ చాలా ఏళ్ల తరువాత తన మాటను వెనక్కి తీసుకున్నారు. అంతటి పండితుడు అటూ ఇటూ తర్కించుకోవలసి వచ్చిందంటే విషయం ఎంత చిక్కుముడో అర్థమవుతుంది. షఫీ కుమారుడు ముఫ్తీ తఖీ ఉస్మానీ మరో అడుగు వేసి, కాగితం మీద ముద్రించనంతవరకూ తెర మీది డిజిటల్ దృశ్యం స్థిరమైన చిత్రం కాదని వివరించారు. తండ్రీ కొడుకులిద్దరూ హనఫీ పండితులే, ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది అవే హదీసులు. అరబ్బు పండితులలో సౌదీకి చెందిన ఇబ్న్ బాజ్ అవసరానికి తప్ప ఫొటో వద్దన్నారు. ఇబ్న్ ఉసైమీన్ కెమెరా ఫొటోను నిషిద్ధ చిత్రలేఖనంగా లెక్కించలేదు, కానీ కేవలం జ్ఞాపకం కోసం దాచుకోవడాన్ని ఒప్పుకోలేదు. యూసుఫ్ అల్ ఖరదావీ అనుమతించారు. షియా పండితుడు ఆయతుల్లా సిస్తానీ కూడా అనుమతించారు.

దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ 2013లో ఫొటోగ్రఫీ ఇస్లాంకు విరుద్ధమని మరోమారు ప్రకటించినప్పుడు కూడా గుర్తింపు కార్డుకు, పాస్‌పోర్టుకు మినహాయింపు ఇచ్చింది. హజ్‌కు వెళ్లాలంటే పాస్‌పోర్టు కావాలి, పాస్‌పోర్టుకు ఫొటో కావాలి. ఓటర్ల జాబితాలో పర్దా పాటించే స్త్రీల ఫొటోలు వద్దంటూ తమిళనాడు నుంచి వచ్చిన వ్యాజ్యంలో 2010లో సుప్రీంకోర్టు ఫొటో తప్పనిసరి అన్న వైఖరినే తీసుకుంది. అవసరం ఉన్నచోట పండితులూ న్యాయస్థానమూ ఒకే దారిలో నడిచాయి. మిగిలిన వివాదమల్లా ఆల్బమ్ గురించి, గోడ గురించి, ఫోను గురించి.

ఈ వివాదంలో తెలుగు నేలకు తనదైన అనుభవం ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్‌దయాళ్‌కు ‘రాజా ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చాడు. దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాని నిర్వహణ ఒక ఆంగ్ల మహిళ చేతిలో ఉండేది. పరాయి మగవారి చూపు పడకుండా ఎత్తయిన గోడలు కట్టించారు. పర్దాలో ఉండే స్త్రీలు అక్కడ నిశ్చింతగా ఫొటో తీయించుకుని ఇంటికి తీసుకెళ్లేవారు. వారు ధర్మాన్ని వదులుకోలేదు, ఫొటోనూ వదులుకోలేదు. ఏది మర్యాద, ఏది కాదన్న గీతను తమ ఇంటి స్థాయిలో తామే గీసుకున్నారు. ఇవాళ్టికీ హైదరాబాద్ పాతబస్తీలోనో కర్నూలులోనో చాలా ముస్లిం ఇళ్లలో గోడ మీద కాబా చిత్రమో, అందంగా రాసిన ఖుర్ఆన్ వాక్యమో ఉంటుంది. పెద్దల ఫొటోలు బీరువాలో ఉంటాయి. చనిపోయినవారి ఫొటోకు దండ వేసి దీపం పెట్టే ఆచారానికి దూరంగా ఉండాలన్న జాగ్రత్త అందులో ఉంది. మూలాల స్ఫూర్తిని ఏ ఫత్వా చదవకుండానే చక్కగా పట్టుకున్న ఆచరణ ఇది.

ఇక అఫ్ఘానిస్థాన్ విషయానికి వస్తే, హెరాత్ నగరంలో 2022 జనవరిలో దుస్తుల దుకాణాల్లోని బొమ్మల తలలు కోయించారు. రంపంతో ప్లాస్టిక్ మెడలు కోస్తున్న దృశ్యాలు ప్రపంచమంతా తిరిగాయి. తల తీసేస్తే బొమ్మ చెట్టుతో సమానమన్న హదీసు దానికి ఆధారం. అదే హెరాత్‌లో పదిహేనో శతాబ్దంలో సుల్తాన్ హుస్సేన్ బైఖరా ఆస్థానంలో కమాలుద్దీన్ బిహ్జాద్ మనుషులను, గుర్రాలను, పక్షులను నేటికీ మించలేనంత అందంగా చిత్రించాడు. ఆయనను పోషించినవారు ముస్లింలే, ఆ బొమ్మలు చూసి మురిసినవారు ముస్లింలే. ఒక నగరం తన చరిత్రలోని ఒక పాయను మాత్రమే ఉంచుకుని తక్కినదంతా నరికేసుకోవాలని ఏ మూలగ్రంథమూ ఆదేశించలేదు. నలభై ఏళ్లకు పైగా యుద్ధాలు చూసిన ఆ దేశంలో తిరిగిరాని కొడుకును తలచుకోవడానికి తల్లికి మిగిలేది చాలా ఇళ్లలో ఒక్క ఫొటోనే. దాన్ని చూసుకోవడం తప్పుల జాబితాలోకి ఎక్కడం మమ్మల్ని తీవ్రంగా బాధిస్తోంది.

మన దగ్గర చట్టం లేదు కానీ మరో రకం ఒత్తిడి పెరుగుతోంది. ఫోనుకు వచ్చిన ఒక ప్రసంగం విని, రాత్రికి రాత్రి ఇంట్లో ఆల్బమ్‌లు తగలబెట్టాలనుకునే యువకులున్నారు. తమ మనసుకు వద్దనిపిస్తే తాము మానుకోవచ్చు. కానీ తల్లిదండ్రుల పెళ్లి ఫొటోలను చింపే ముందు, తమ మజ్‌హబ్ (న్యాయ సంప్రదాయం)ను చదివిన ఒక ఆలిమ్ (మత పండితుడు) వద్ద కూర్చుని అడగాలి. తప్పకుండా తల్లినీ అడగాలి. చింపాక అతికించలేని వస్తువులవి. అలాగే ఫొటో వద్దనేవారి మాటకూ మర్యాద దక్కాలి. వేడుకల్లో అడగకుండా కెమెరా ఎక్కుపెట్టడం, బడిలో పిల్ల ఫొటోకు నిలబడనంటే అందరి ముందు నిలదీయడం, వద్దన్నా వినకుండా సామాజిక మాధ్యమాల్లో పెట్టడం ఆగాలి. పత్రికలకూ ఇది వర్తిస్తుంది. నమాజు చేస్తున్న మనిషి ముఖాన్ని దగ్గరగా తీసి పండుగ రోజు మొదటి పేజీలో వేసే ముందు, ఆ మనిషికి ఇష్టమో కాదో అడగడం మా వృత్తి ధర్మమే.

తాలిబాన్ విదేశాంగ మంత్రి అమీర్ ఖాన్ ముత్తఖీ 2025 అక్టోబరులో ఢిల్లీ వచ్చారు, దేవ్‌బంద్ వెళ్లి దారుల్ ఉలూమ్‌ను సందర్శించారు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. దౌత్యానికి కెమెరా అవసరమని కాబూల్ పాలకులు ఒప్పుకున్నప్పుడు, జ్ఞాపకానికీ వార్తకూ కూడా అది అవసరమేనని ఒప్పుకోవాలి. 17వ అధికరణాన్ని తొలగించమని అడిగే వీలు భారత ప్రభుత్వానికి ఇప్పుడు ఉంది. దేవ్‌బంద్ పండితులకు అంతకన్నా ఎక్కువ ఉంది, ఎందుకంటే వారి మాటకు కాబూల్‌లో గౌరవం ఉంది. ఫొటోపై తమ అభిప్రాయాన్ని మార్చుకోమని మేము వారిని కోరడం లేదు. తాము ఫత్వాగా చెప్పేదాన్ని తుపాకీ పట్టినవారు వేరే అభిప్రాయమున్న ముస్లింల మీద శాసనంగా రుద్దకూడదని వారు బహిరంగంగా చెప్పాలి.